జీతం లేని కొలువు

2004 డిసెంబరు 26, ఆదివారం. అండమాన్ దీవుల్లో పొద్దు మనకంటె ముందే పొడుస్తుంది. పోర్ట్ బ్లెయిర్ పట్టణంలో అప్పటికే బాగా తెల్లవారింది. ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దీవి పక్కన సముద్రగర్భంలో భూమి బద్దలయింది. దాని తీవ్రత 9.1. అండమాన్, నికోబార్ దీవులన్నీ ఊయల ఊగినట్టు ఊగాయి. ఆ తరవాత సముద్రం పైకి లేచి వచ్చింది. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలలో ఆ ఒక్కరోజున రెండు లక్షలకు పైగా మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పోర్ట్ బ్లెయిరులో ఒక హోటల్ గదిలో అప్పటికి మూడు వారాలుగా ఒక రేడియో స్టేషను నడుస్తున్నది. మనం పాటలూ వార్తలూ వినే రేడియో కాదిది. ఇందులో వినటమే కాక మాట్లాడవచ్చు కూడా. ఆ స్టేషను నడుపుతున్న ఆమె పేరు భారతీ ప్రసాద్. ఢిల్లీ గృహిణి. హైదరాబాదులోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పాటు చేసిన యాత్రలో ఆమె అక్కడికి వెళ్లారు. ఎందుకు వెళ్లారో వింటే మీకు నవ్వు రావచ్చు. దూరదేశాల వాళ్లను పలకరించటానికి!

మీలో కొందరు తపాలా బిళ్లలు పోగు చేస్తారు. దొరకని దేశపు బిళ్ల దొరికితే ఎంత సంబరం! రేడియో ఔత్సాహికులు కూడా అలాగే దేశాలను, దీవులను ‘పోగు’ చేస్తారు. ఫలానా చోట ఉన్న మనిషితో మాట్లాడాను అని పుస్తకంలో వ్రాసుకుంటారు. 1987 తరవాత అండమాన్ నుంచి ఇలా పలికిన వాళ్లే లేరు. అందుచేత ఆమె గొంతు వినగానే ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది ‘నన్ను పలకరించండి, నన్ను పలకరించండి’ అని తోసుకుంటూ వచ్చారు. మూడు వారాలూ తిరునాళ్లే.

భూకంపం వచ్చాక ఆ తిరునాళ్లు ఒక్కసారిగా ఆగిపోయింది. టెలిఫోన్లు మూగపోయాయి. దీవుల సంగతి దేశానికీ, దేశం సంగతి దీవులకూ తెలిపే సాధనాలు కొద్దిగా మాత్రమే మిగిలాయి. ఆ కొద్దిలో ఈ హోటల్ గదిలోని పెట్టె ఒకటి. ‘ఈ ఫ్రీక్వెన్సీని ఖాళీగా ఉంచండి’ అని దేశదేశాల ఔత్సాహికులకు కబురు వెళ్లింది. పదిహేడేళ్లుగా అండమాన్ కోసం కాచుకుని, ఇంకా తమ వంతు రానివాళ్లు మైకు కింద పెట్టేసి ఊరకుండవలసి వచ్చింది.

ఊరకుండటం కూడా ఒక పనేనా అని అడగకండి. ఒకే ఫ్రీక్వెన్సీమీద ఇద్దరు ఒక్కసారి మాట్లాడితే ఇద్దరి మాటా వినపడదు. ఉత్త కీచుమనే రొద వస్తుంది. దూరాన ఉన్న ఒక్క మనిషి నోరు మూసుకోలేకపోతే, దీవిలోని డాక్టరు మందులకోసం పంపిన కబురు గాలిలోనే పోతుంది. నా ఉద్దేశంలో రేడియో ఔత్సాహికుడికి మొట్టమొదటి పరీక్ష ఇదే. మాట్లాడటం ఎవరైనా నేర్చుకుంటారు.

భారతీ ప్రసాదూ, ఆమెతో ఉన్నవాళ్లూ ఆ తరవాత కొన్ని రోజులపాటు ఒకరి క్షేమం మరొకరికి తెలియజేసే కబుర్లు మోశారు. దక్షిణాన సుమారు 270 కిలోమీటర్ల దూరంలో, ఇంకా ఎక్కువగా దెబ్బతిన్న కార్ నికోబార్ దీవిలో కూడా స్టేషను పెట్టారు. దేశంలో ఉన్న ఔత్సాహికులు ఆ కబుర్లు అందుకుని, టెలిఫోన్లు పనిచేసే ఊళ్లలో బంధువులకు అందజేశారు. ఎవరికీ ఎవరూ జీతం ఇవ్వలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇటువంటి ఔత్సాహికులను లోకమంతటా ‘హామ్’లు అంటారు. ఆ ముద్దుపేరు ఎలా వచ్చిందో తలా ఒక కథ చెబుతారు కాని, ఏదీ నమ్మదగినదిగా లేదు. వాళ్లకు అంతర్జాతీయంగా ఒక కట్టుబాటు ఉంది. ఈ విద్యతో డబ్బు సంపాదించకూడదు. సొంతంగా నేర్చుకోవటానికీ, ప్రయోగాలు చేయటానికీ, సాటివారితో మాట్లాడటానికీ మాత్రమే దీన్ని వాడాలి. పాటలు ప్రసారం చేయరాదు. రహస్య భాష వాడరాదు. ఎవరికి వారు ఒక పేరు పెట్టుకుని మాట్లాడటానికి కూడా వీల్లేదు. ప్రభుత్వం పరీక్షపెట్టి, ప్యాసయినవాళ్లకు లైసెన్సూ, దానితోపాటు ఒక పిలుపు గుర్తూ ఇస్తుంది. మన దేశంలో ఆ గుర్తులు ‘వీ యూ’ అనే అక్షరాలతో మొదలవుతాయి. భారతీ ప్రసాద్ గారిది వీ యూ 2 ఆర్ బీ ఐ. మన ప్రధానమంత్రిగా పనిచేసిన రాజీవ్ గాంధీ కూడా హామే. ఆయన గుర్తు వీ యూ 2 ఆర్ జీ. ప్రధానమంత్రి అయినా సరే, మైకు పట్టుకున్నాక ఆ గుర్తు చెప్పి తీరవలసిందే.

ఇంతకీ అంత చిన్న పెట్టె అంతదూరం ఎలా పలుకుతుంది? పోర్ట్ బ్లెయిరునుంచి మద్రాసు తీరానికి సుమారు 1,370 కిలోమీటర్లు. హామ్ పెట్టె సామాన్యంగా వాడుకునే శక్తి 100 వాట్లు, అంటే మన పాతకాలపు పెద్ద బల్బుకు కావలసినంత. కాని దానికి పైన ఆకాశంలో ఒక సహాయకుడున్నాడు. భూమికి సుమారు 80 కిలోమీటర్ల ఎత్తునుంచి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తుదాకా, సూర్యకిరణాల తాకిడికి గాలిలోని అణువులు విద్యుత్తును పుంజుకుని ఉంటాయి. ఆ పొరలను అయనావరణం అంటారు. పొట్టి తరంగాలు అక్కడికిపోయి, గోడకు కొట్టిన బంతిలాగా తిరిగి భూమిమీద పడతాయి. మధ్యలో టవరు అక్కరలేదు, తీగ అక్కరలేదు, టెలిఫోను ఆఫీసు అక్కరలేదు. ఇక్కడొక పెట్టె, అక్కడొక పెట్టె, రెంటికీ చెరొక కారు బ్యాటరీ, చెరొక తీగ ఉంటే చాలు.

సెల్‌ఫోను సంగతి అలా కాదు. మన చేతిలోని ఫోను పలికేది దగ్గరలో ఉన్న టవరుదాకానే. ఆ టవరుకు కరెంటు కావాలి. కరెంటు పోతే అడుగున ఉన్న బ్యాటరీలు కొన్ని గంటలే లాగుతాయి. టవరు నిలిచినా, దాన్ని ఊరికి కలిపే కేబులు తెగితే అది ఒంటి స్తంభమే. అన్నీ బాగున్నా, ఊరు ఊరంతా ఒకేసారి ఫోనెత్తితే ఎవరికీ దారి దొరకదు. తుఫాను వచ్చిన రోజున ఈ మూడూ ఒకేసారి జరగవచ్చు.

అయితే అయనావరణం అనే సహాయకుడు మహా చపలచిత్తుడు. పగలు ఒకలాగ, రాత్రి ఒకలాగ ఉంటాడు. పగటిపూట కింది పొర కొన్ని తరంగాలను మింగేస్తుంది; రాత్రి అవే తరంగాలు ఎంతో దూరం పోతాయి. అందుచేత ఏ వేళకు ఏ ఫ్రీక్వెన్సీ పలుకుతుందో హామ్‌కు కంఠతా వచ్చి ఉండాలి. తీగ కట్టటంలో కూడా నేర్పు ఉంది. 7 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి సుమారు 20 మీటర్ల తీగ కావాలి. దాన్ని చాలా ఎత్తున కడితే దూరదేశాలు పలుకుతాయి. నాలుగైదు మీటర్ల ఎత్తులోనే కడితే తరంగాలు నిటారుగా పైకిపోయి, ఫౌంటెను నీళ్లలాగా చుట్టుపక్కల జిల్లాలమీదే రాలుతాయి. కొండలు అడ్డం వచ్చినా పరవాలేదు. వరద వచ్చిన ఊరికి కావలసింది అమెరికా కాదు, పక్క జిల్లా కలెక్టరు. ఈ సంగతి తెలిసినవాడు తీగ కిందికి దించి కడతాడు. తెలియనివాడు చింతచెట్టు చిటారుకొమ్మ ఎక్కుతాడు.

ఇక వాళ్లు కబురు పంపే పద్ధతి చూడండి. అసలు విద్య అంతా ఇక్కడే ఉంది.

ఒక లంక గ్రామం చుట్టూ గోదావరి నీళ్లు కమ్మేశాయనుకుందాం. అక్కడి డాక్టరు ఒక కాగితంమీద ఇలా వ్రాసి హామ్‌కు ఇచ్చాడు: ‘జ్వరంతో ఉన్న పిల్లలు ఇరవై మంది. సెలైను సీసాలు అరవై కావాలి. పడవ రేవు దగ్గరకే రావాలి.’

ఇందులో మాటలెన్నో లెక్కపెట్టండి. పదమూడు. హామ్ మొదట చేసే పని అదే. కాగితంమీద వరస నంబరు వేస్తాడు, ఎంత తొందర కబురో వ్రాస్తాడు, ఎవరు పంపారో, ఎన్ని మాటలో, ఏ వేళకు ఇచ్చారో వ్రాస్తాడు. తరవాతే మైకు ముట్టుకుంటాడు. ఇది చదివే తల్లిదండ్రులకు పాత టెలిగ్రాములు గుర్తుకు రావచ్చు. 2013లో మన దేశంలో టెలిగ్రాములు ఆగిపోయేదాకా తంతి గుమాస్తా కూడా మాటలు లెక్కపెట్టేవాడు, కాని అది డబ్బులకోసం. హామ్ లెక్కపెట్టేది ఒక్క మాట కూడా దారిలో జారిపోకుండా. అవతలివాడు రాసుకున్నాక తన మాటలు లెక్కపెడతాడు. పన్నెండే వచ్చాయా? అయితే ఎక్కడో ఒకటి పోయింది. మళ్లీ మొదటినుంచి.

ఇక అంకెలు. రేడియోలో గరగర, బరబర ఉంటుంది. ‘ఇరవై’ అన్నది ‘అరవై’ అని వినిపించటం ఎంతసేపు? ‘డెబ్బై’, ‘తొంభై’ కూడా అంతే. అరవై సీసాలు కావలసినచోటికి ఇరవై వస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. అందుచేత హామ్ అంకెలను విడదీసి పలుకుతాడు: ‘పిల్లలు, రెండు సున్న. సీసాలు, ఆరు సున్న.’ అవతలివాడు ‘సరే, తెలిసింది’ అంటే చాలదు. విన్నది విన్నట్టు తిరిగి చదివి వినిపించాలి.

ఊళ్ల పేర్లకు ఇంకొక ఉపాయం ఉంది. ఇంగ్లీషు అక్షరాలలో బీ, డీ, పీ, టీ అన్నీ ఒకేలాగ మోగుతాయి. అందుచేత ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క మాట పెట్టారు. ‘ఏ’కు ఆల్ఫా, ‘బీ’కి బ్రావో, ‘పీ’కి పాపా, ‘టీ’కి టాంగో, ‘ఎల్’కు లిమా. విమానాలు నడిపేవాళ్లూ, ఓడలు నడిపేవాళ్లూ వాడేది కూడా ఇదే వరస. బాపట్ల పేరు చెప్పాలంటే: బ్రావో, ఆల్ఫా, పాపా, ఆల్ఫా, టాంగో, లిమా, ఆల్ఫా. జపానువాడు విన్నా పొరపాటు పడడు.

కాగితంమీద ఉన్నది తప్పనిపించినా హామ్ తనంతట తాను దిద్దకూడదు. డాక్టరును పిలిచి అడగాలి. జాలిపడి ‘త్వరగా పంపండి, పిల్లలు పాపం’ అని ఒక ముక్క చేర్చటం కూడా తప్పే. వినటానికి ఇది కాస్త కఠినంగా ఉంటుంది. కాని ఆలోచించండి: ప్రతి ఊరి హామూ తన జాలికొద్దీ ఒక ముక్క చేరిస్తే, ఏ ఊరికి ముందు పడవ పంపాలో కలెక్టరుకు ఎలా తెలుస్తుంది? కబురు డాక్టరుది. హామ్ దాన్ని మోసే తపాలా బంట్రోతు. ఉత్తరం విప్పి రెండు వాక్యాలు కలిపే బంట్రోతును మనం ఒప్పుకుంటామా?

పదిమంది హామ్‌లు ఒకేచోట చేరితే వారిలో ఒకరు పెద్దరికం వహిస్తారు. ఆ స్థానాన్ని నెట్ కంట్రోల్ అంటారు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో ఆ ఒక్కరే చెబుతారు. ప్రాణంమీదికి వచ్చిన కబురు అన్నిటికంటె ముందు; మందులు, పడవలు, తిండి ఆ తరవాత; ‘మేం క్షేమం, మీరు క్షేమమా’ అన్నవి చివర. నెట్ కంట్రోల్ కుర్రవాడు కావచ్చు, మాట్లాడేవాడు ముప్పై ఏళ్ల అనుభవశాలి కావచ్చు. అయినా కుర్రవాడు ఆగమంటే ఆగాలి. ప్రతి కబురూ ఏ గంటకు ఏ నిమిషానికి వచ్చిందో, పోయిందో పుస్తకంలో పడాలి. ఆ పుస్తకం లేకపోతే రాత్రి రెండు గంటలకు వచ్చి కూర్చున్నవాడికి పగలు జరిగినదేమిటో తెలియదు. అవును, మనిషి మారాలి కూడా. ‘నేను రెండు రోజులు నిద్ర పోకుండా కూర్చున్నాను’ అని చెప్పుకోవటం వీరత్వంలాగా కనిపిస్తుంది. నిద్ర కళ్లతో కూర్చున్నవాడికి ఆరు సున్న, రెండు సున్న ఒకేలాగ వినిపిస్తాయి. మంచి హామ్ వేళకు లేచి, పుస్తకం అప్పగించి, వెళ్లి పడుకుంటాడు.

అన్నిటికంటె కష్టమైనది క్షేమసమాచారం. నీళ్లు ముంచిన ఊళ్లో కొడుకు ఉన్నాడు. తల్లి ఎక్కడో వందల మైళ్ల దూరాన ఉండి, ‘మా అబ్బాయి బ్రతికి ఉన్నాడా బాబూ?’ అని అడుగుతుంది. ఆ వీధిలో చాలామంది బయటపడ్డారని హామ్ విని ఉంటాడు. ‘క్షేమమే తల్లీ, దిగులుపడకు’ అనాలని నాలుక చివరిదాకా వస్తుంది. అనకూడదు. తెలిసినదే చెప్పాలి. తెలియనిది ‘తెలియదమ్మా, అడిగి చెబుతాం’ అనాలి. ఊరటకోసం చెప్పిన ఆ ఒక్క మాట మర్నాడు అబద్ధమయితే ఆ తల్లి గతి ఏమిటి? చనిపోయినవారి పేర్లు కూడా గాలిలో చదవరు. హామ్ రేడియో అందరికీ వినపడే రేడియో. పెట్టె ఉన్నవాడల్లా వింటాడు. కొడుకు చావును కన్నతల్లికంటె ముందు ఊళ్లో వాళ్లు వినటం న్యాయం కాదు. ఆ కబురు అధికారుల ద్వారానే వెళ్లాలి.

ఈ పద్ధతులన్నీ ఒక్కరోజున పుట్టినవి కావు. 1914లో అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే ఇంజనీరు ఉండేవాడు. తుపాకి చప్పుడు అణిచే సాధనం కనిపెట్టినవాడు ఈయనే. చప్పుడు అణచటం ఒక చేత్తో, గాలిలో చప్పుడు పుట్టించటం ఇంకొక చేత్తో! ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆయన నలభై కిలోమీటర్ల దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డుకు ఒక రేడియో వాల్వు విషయమై కబురు పంపబోయాడు. ఆయన యంత్రం అంతదూరం పలకలేదు. మధ్యలో విండ్సర్ లాక్స్ అనే ఊళ్లో తనకు తెలిసిన ఇంకొక హామ్ ఉన్నాడు. ఆ హామ్ అందుకుని అవతలికి అందించాడు. మాక్సిమ్ బుర్రలో దీపం వెలిగింది: ఇలా ఊరికొక మనిషి ఉంటే దేశం ఆ చివరినుంచి ఈ చివరికి కబురు పోదా? ఆ సంవత్సరమే అమెరికన్ రేడియో రిలే లీగ్ అనే సంఘం పుట్టింది. రిలే అంటే ఒకరి చేతినుంచి ఒకరు అందుకోవటం. మీ స్కూలు పరుగుపందేల్లో కర్ర అందించుకుంటారే, అదే.

చేతులు మారినకొద్దీ మాట చెడుతుంది. మాట చెడకుండా ఉండాలంటే కాగితం కావాలి, లెక్క కావాలి, తిరిగి చదవటం కావాలి. 1933 నుంచి ఆ సంఘంవాళ్లు ప్రతి జూన్‌లోనూ ఒక పండుగలాంటిది చేస్తున్నారు. ఇళ్లలోని కరెంటు వదిలి, పొలాల్లో, కొండలమీద గుడారాలు వేసుకుని, బ్యాటరీలతో, జనరేటర్లతో 24 గంటలు స్టేషన్లు నడుపుతారు. వాన పడినా దోమలు కుట్టినా లేవరు. 1935లో విపత్తులకని ప్రత్యేక దళం ఏర్పాటు చేసుకున్నారు. సరిగా మరుసటి మార్చిలో అమెరికా ఈశాన్య భాగంలో నదులు పొంగి ఊళ్లను ముంచాయి. పొలంలో గుడారం వేసిన అలవాటు అప్పుడు పనికి వచ్చింది.

అమెరికాలో మయామీ దగ్గర తుఫానులను కనిపెట్టే ప్రభుత్వ కేంద్రం ఒకటి ఉంది. అక్కడ 1980 నుంచీ హామ్‌ల స్టేషను కూడా ఉంటున్నది. తుఫాను దారిలోని దీవులనుంచి హామ్‌లు గాలివేగం, గాలి ఒత్తిడి చెబుతారు. చెప్పిన ప్రతి అంకెకూ ఒక ప్రశ్న ఎదురవుతుంది: ‘అది యంత్రంతో కొలిచినదా, మీ అంచనాయా?’ అంచనా చెప్పటం తప్పు కాదు. అంచనాను కొలతలాగా చెప్పటం తప్పు. ఈ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. పెద్దవాళ్ల మాటల్లో కూడా అప్పుడప్పుడు ఎవరైనా ఇలా అడిగితే బాగుండును!

పిలవకుండా వెళ్లకూడదన్నది ఇంకొక నియమం. ఇది కుర్రవాళ్లకు రుచించదు. ఎక్కడో వరద అని వినగానే పెట్టె సంచిలో వేసుకుని బయలుదేరాలనిపిస్తుంది. వెళ్లినవాడికి తిండి ఎవరు పెడతారు? మంచినీళ్లు ఎవరిస్తారు? సాయం చేయటానికి వెళ్లి, సాయం పొందేవాళ్ల పంక్తిలో కూర్చున్నట్టవుతుంది. 2017 సెప్టెంబరు 20న ప్యూర్టో రికో దీవిని మరియా అనే తుఫాను అతలాకుతలం చేసింది. కరెంటూ టెలిఫోన్లూ పోయాయి. అమెరికన్ రెడ్ క్రాస్‌వాళ్లు హామ్‌ల సంఘాన్ని అడిగారు: ‘మాకు 50 మంది కావాలి’ అని. చివరకు పంపినది 22 మందినే. అనుభవం ఉన్నవాళ్లు, వారాలపాటు ఇల్లు వదిలి ఉండగలిగినవాళ్లు, వేడికీ తడికీ ఓర్చుకోగలిగినవాళ్లు. వెళ్లాక కూడా అక్కడి అధికారులు చెప్పిన పనే చేశారు.

మన దేశంలో ఈ విద్య పాతదే. 1921లోనే కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు అనే ఆయన ఔత్సాహిక స్టేషను నడిపాడు. 1939లో యుద్ధం రాగానే తెల్లదొరల ప్రభుత్వం లైసెన్సులన్నీ రద్దు చేసింది. స్వతంత్రం వచ్చాక మళ్లీ మొదలయింది. 1999 అక్టోబరులో ఒరిస్సా పెనుతుఫాను వచ్చినప్పుడూ, 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ ప్రాంతం భూకంపంతో నేలమట్టమయినప్పుడూ హామ్‌లు వెళ్లి స్టేషన్లు పెట్టారు. మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు మోయటానికి హామ్‌కు హక్కు లేదు. అటువంటి ఆపదల్లో మాత్రం ఆ తలుపు తెరుస్తారు.

ఈ రోజుల్లో ఉపగ్రహ టెలిఫోన్లు వచ్చాయి. సైన్యం, విపత్తు దళాలు తమ సొంత రేడియోలు తెచ్చుకుంటాయి. కూలిన టవర్లను కూడా మునుపటికంటె త్వరగా నిలబెడుతున్నారు. కనక హామ్‌కు చేయవలసిన పని పూర్వమంత ఉండదు. చాలాసార్లు పెట్టె సర్దుకుని, రెండు రోజులు కాచుకుని, ఒక్క కబురు కూడా పంపకుండానే తిరిగి రావలసి వస్తుంది. కొందరికి అది చిన్నతనంగా ఉంటుంది. ఆ కాచుకోవటం ఇష్టం లేనివాడు ఈ దారికి రాకపోవటమే మంచిది. కాని దళాలు వచ్చేలోపల ఉండే మొదటి కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు మొదటి రోజు, ఉన్నాయే, అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్న హామ్ తప్ప దిక్కుండదు. భారతీ ప్రసాద్ ఎక్కడినుంచో రాలేదు. భూమి కంపించినప్పుడు అక్కడే ఉన్నారు.

మీలో పన్నెండేళ్లు నిండినవాళ్లు ఈ పరీక్షకు కూర్చోవచ్చు. కొంచెం విద్యుచ్ఛాస్త్రం, కొన్ని నియమాలు చదవాలి. పై తరగతి లైసెన్సుకు మోర్స్ కోడ్ కూడా రావాలి. స్కౌట్లు, గైడ్లు అయితే లైసెన్సు లేకపోయినా ఒక అవకాశం ఉంది. ప్రతి అక్టోబరులోనూ ఒక శని, ఆదివారాల్లో ప్రపంచంలోని స్కౌట్లంతా హామ్‌ల స్టేషన్లలో చేరి ఒకరినొకరు పలకరించుకుంటారు. 1958 నుంచి ఇది జరుగుతున్నది. మీ ఊళ్లో హామ్ ఎవరైనా ఉన్నారేమో మీ సైన్సు మాస్టారిని అడిగి చూడండి.

అప్పటిదాకా ఇంట్లో ఒక ఆట ఆడవచ్చు. ఎనిమిదిమంది వరసగా కూర్చోండి. మొదటివాడు పదమూడు మాటల కబురు ఒకటి కాగితంమీద వ్రాసి, దాచి, రెండోవాడి చెవిలో చెప్పాలి. వాడు మూడోవాడికి. అలా చివరిదాకా పోనిచ్చి, చివరివాడు విన్నది పైకి చెప్పించండి. నవ్వులు అయిపోయాక రెండోసారి ఆడండి. ఈసారి ప్రతివాడూ విన్నది వ్రాసుకుని, మాటలు లెక్కపెట్టి, చెప్పినవాడికే తిరిగి చదివి వినిపించాలి. అంకెలు విడదీసి పలకాలి. రెండు ఆటలకూ ఎంతసేపు పట్టిందో గడియారం చూసి వ్రాసుకోండి. రెండోది చాలా నెమ్మదిగా సాగుతుంది. చివరికి మిగిలిన కబుర్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇదిగో, మీకొక కబురు వచ్చింది. ఏ ఊరినుంచో చెప్పగలరా? ‘నవంబర్, ఎకో, లిమా, లిమా, ఆస్కర్, రోమియో, ఎకో.’ ఒక్కొక్క మాటలో మొదటి ఇంగ్లీషు అక్షరం తీసుకోండి. ఊరు పెన్న ఒడ్డున ఉంది.